రాత్రి 11:40కి ఒక ఫోటో, దాని వెనక 1987 నాటి కథ

పోయిన నెల మా చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, అప్లికేషన్‌కి ఈ రోజే లాస్ట్ డేట్, ఫోటో అప్‌లోడ్ అవ్వట్లేదు" అని. టైమ్ రాత్రి 11:40. ఆ సైటేమో జేపీజీ తప్ప ఇంకేదీ తీసుకోదు, దాని ఐఫోన్ సేవ్ చేసిందేమో హెచ్‌ఈఐసీ. ఫైల్ నాకు పంపమన్నా. టెర్మినల్‌లో "మ్యాజిక్" అని కొట్టి, పక్కన పాత ఫైల్ పేరు, దాని పక్కన కొత్త ఫైల్ పేరు. అంతే, ఒక్క లైను. ఆ టూల్ పేరు ఇమేజ్‌మ్యాజిక్. దీనికి మనం ఒక్క రూపాయి కూడా కట్టం. ఎందుకు కట్టం అన్నదే ఇవాళ్టి కథ.

1987. అమెరికాలో డ్యూపాంట్ అనే కెమికల్స్ కంపెనీ. జాన్ క్రిస్టీ అనే ప్రోగ్రామర్‌కి వాళ్ల బాస్ ఒక పని ఇచ్చాడు: లక్షల రంగులున్న బొమ్మని, ఒకేసారి 256 రంగులే చూపించగల స్క్రీన్ మీద చూపించాలి. ఏ 256 ఉంచాలి, ఏవి తీసెయ్యాలి? క్రిస్టీకి తెలీలేదు. యూజ్‌నెట్‌లో అడిగాడు. అంటే అప్పటి డిస్కషన్ గ్రూపులన్నమాట. పాల్ రేవలింగ్ అనే ఆయన జవాబు చెప్పడమే కాదు, మొత్తం సోర్స్ కోడే ఇచ్చేశాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి!

క్రిస్టీ ఆ సంగతి మర్చిపోలేదు. తన టూల్‌ని కూడా అలాగే పంచాలనుకున్నాడు. కానీ కంపెనీలో రాసిన కోడ్ కంపెనీదే కదా, జాబ్ చేసేవాళ్లకి తెలుసు. బాస్ డేవిడ్ పెన్సాక్ పైవాళ్లని ఒప్పించాడు. 1990 ఆగస్టు 1న ఇమేజ్‌మ్యాజిక్ ఫ్రీగా బయటికొచ్చింది.

ఇక రెండో వైపు చూడండి. అదే 1987లో కంప్యూసర్వ్ జిఫ్ ఫార్మాట్ తెచ్చింది. అందులో బొమ్మ సైజు తగ్గించే పద్ధతి పేరు ఎల్‌జెడ్‌డబ్ల్యూ. దాని మీద అప్పటికే పేటెంట్ ఉంది, అది యూనిసిస్ చేతిలో ఉంది. ఏడేళ్లు జనం హాయిగా వాడేసుకున్నాక, 1994 డిసెంబరులో కబురొచ్చింది: జిఫ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు లైసెన్స్ డబ్బు కట్టాలి. ఊరంతా అలవాటు పడ్డాక రోడ్డుకి గేటు పెట్టినట్టు! నాకైతే ఇది ఇప్పటికీ మింగుడుపడదు. ఇమేజ్‌మ్యాజిక్ కూడా ఆ ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపుని ఆఫ్‌లో పెట్టుకోవాల్సొచ్చింది. జిఫ్ రాస్తుంది, కానీ ఫైల్ లావుగా వస్తుంది.

కోపంలోంచి పుట్టిందే పీఎన్‌జీ. 1995 జనవరిలో థామస్ బౌటెల్ యూజ్‌నెట్‌లో మొదలుపెట్టాడు, 1996 అక్టోబరుకి స్పెసిఫికేషన్ రెడీ. పేటెంట్ గొడవ లేదు, 256 రంగుల హద్దూ లేదు. అమెరికాలో ఆ పేటెంట్ 2003 జూన్‌లో ముగిసింది, అప్పటికి పీఎన్‌జీ పాతుకుపోయింది.

ఇంతకీ లోపల జరిగేదేంటి? ఫార్మాట్లు 200 పైనే. ప్రతి జతకీ విడిగా కోడ్ రాయాలంటే దాదాపు 40 వేలు రాయాలి. ఇమేజ్‌మ్యాజిక్ అలా చెయ్యదు. ఏ ఫైల్ ఇచ్చినా ముందు దాన్ని పిక్సెల్స్‌గా విప్పుతుంది, తర్వాత కావాల్సిన ఫార్మాట్‌లో రాస్తుంది. ఫార్మాట్‌కి చదివేది ఒకటి, రాసేది ఒకటి ఉంటే చాలు.

పాత వీడియోల్లో "మ్యాజిక్" బదులు "కన్వర్ట్" అని కొట్టమంటారు. విండోస్‌లో ఆ పేరుతో వేరే కమాండ్ ఉంది, అది డిస్క్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చేది. దాని జోలికి పోకండి.

చెల్లి ఫోటో 11:52కి అప్‌లోడ్ అయింది. సంతకం స్కాన్ మళ్లీ పీడీఎఫ్‌లో పంపింది, అది వేరే కథ.