ట్రినిడాడ్‌లో క్రిస్మస్ పళ్లెం

దుబాయి, మస్కట్ అంటే మన ఇబ్రహీంపట్నంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ట్రినిడాడ్ అంటే మాత్రం అదెక్కడ అని అడుగుతారు. వెనిజులాను ఆనుకున్నట్టే ఉండే చిన్న ద్వీపం ఇది. ఇక్కడి చరిత్ర తెలుసుకోవాలంటే పుస్తకాలకన్నా డిసెంబర్ నెల నయం.

1498లో కొలంబస్ వచ్చాడు. 1797 దాకా స్పెయిన్, ఆ తర్వాత 1962 దాకా ఇంగ్లీషువాళ్లు ఏలారు. అందరూ మాట్లాడేది ఇంగ్లీషే, క్రిస్మస్ పాట మాత్రం స్పానిష్. దాని పేరు పరాంగ్. అది దొరలు వదిలిపోయిన పాట అంటే నేనొప్పుకోను. 19వ శతాబ్దంలో కోకో తోటల పనికి వెనిజులా నుంచి వచ్చిన కూలీలే దాన్ని నిలబెట్టారు. లోపినో, పరామిన్ లాంటి కొండ ఊళ్లలో ఇప్పటికీ రాత్రిపూట బృందాలు ఇల్లిల్లూ తిరుగుతాయి. నాలుగు తీగల క్వాట్రో, గలగలమనే మరాకాలు పట్టుకొని ముందు వాకిట్లో నిలబడి, లోపలికి రానివ్వమని పాటలోనే అడుగుతారు. లోపలికి వచ్చాక ఏసు పుట్టుక పాడతారు. తిని తాగాక, సెలవు తీసుకునే పాట వేరే ఉంది. పాడేవాళ్లలో చాలామందికి స్పానిష్ రాదు, పాట మాత్రం నోటికొచ్చు. 1970ల చివర్లో దీన్ని సోకా అనే ఇక్కడి డాన్సు పాటల దరువుకు కలిపి ఇంగ్లీషులో కొంటె పాటలు కట్టారు. రేడియోలో మోగేవి ఎక్కువగా అవే. నా మనసు మాత్రం పాతవాటి మీదే.

తిండికొస్తే, పాస్టెల్ అనే పండగ వంటకం మక్కపిండితోనే. నూనె రాసిన అరటాకు మీద పిండిని పల్చగా ఒత్తి, మధ్యలో ఖీమా, ఆలివ్ కాయలు, కిస్‌మిస్ పెట్టి, ఆకు మడిచి దారంతో కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. తాగడానికి సారెల్. అది మన ఎర్ర పుంటికూర మొక్కే! మనకు ఆకు కావాలి, వీళ్లకు కాయ చుట్టూ ఉండే ఎర్రటి తొడుగు కావాలి. గింజ తీసేసి, లవంగం, దాల్చినచెక్క వేసి, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి చక్కెర కలుపుతారు. నల్ల కేకుకు ఎండుపళ్లను నెలల ముందే రమ్ములో నానేస్తారు. కేకు ఇంగ్లీషువాళ్లది, రమ్ము ఆఫ్రికా బానిసలు చెమటోడ్చిన చెరుకు తోటలది.

బానిసత్వం రద్దయ్యాక ఆ తోటలకే మనవాళ్లను తెచ్చారు. మొదటి ఓడ ఫతేల్ రజాక్ 1845 మే 30న చేరింది. 1917 దాకా లక్షా నలభై వేలకు పైగా వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు నుంచి. ఆ మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఐదేళ్ల అగ్రిమెంటు, మధ్యలో యజమానిని మార్చుకునే వీల్లేదు. గల్ఫ్ కంపెనీ వీసా చూసిన మనకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. తర్వాత తిరుగు ప్రయాణానికి బదులు కొందరికి భూమి ఇచ్చారు. చాలామంది ఇక్కడే ఉండిపోయారు.

వాళ్ల మునిమనవళ్లు మా వీధి నిండా ఉన్నారు, ఎక్కువ హిందువులే. దీపావళి దీపాలు తీయగానే గోడలకు రంగులు, కిటికీలకు కొత్త పరదాలు మొదలవుతాయి. పాస్టెల్‌లో గొడ్డుమాంసం బదులు కోడి పెడతారు, నీచు ముట్టని ఇళ్లలో సోయా. క్రిస్మస్ మధ్యాహ్నం నల్ల కేకు పక్కనే బాతు కూర, పరాఠా కూడా ఉండాల్సిందే.