పళ్లెములు నాణెములైన వేళ

వాడి విడిచిన వెండి చెంచాలను, గిన్నెలను కొని, ఇంటనే నాణెములవంటి బిళ్లలు చేసికొనుట నేడు కొందరికి వినోదము. ఒకప్పుడు ఇంగ్లండులో ఇదే పని ఒక పట్టణమునకు ప్రాణావసరమైనది. ఆ కథ మనము తెలిసికొనదగినది.

మొదటి ఛార్లెసు రాజునకును పార్లమెంటునకును అంతర్యుద్ధము జరుగుచుండెను. రాజపక్షము వహించిన న్యూఆర్కు పట్టణమును 1645 నవంబరులో శత్రుసేనలు చుట్టుముట్టినవి. బయటినుండి ధనము రాదు. సైనికులకు జీతము లీయక తప్పదు. అందుచేత వెండి పళ్లెములను, పాత్రలను రేకులుగా కత్తిరించి నాణెములు చేసిరి. ఇవి గుండ్రనివి కావు, వజ్రాకారములు. ఈ ఆకృతిలో కోసినచో రేకు వృథా కాదు. ఒకవైపు కిరీటమును, 30, 12, 9, 6 పెన్నీలలో విలువను, రెండవవైపు పట్టణనామమును, సంవత్సరమును ముద్రించిరి.

1646 మేలో రాజాజ్ఞపై పట్టణము లొంగిపోయెను. 1649లో రాజు శిరస్సే తెగిపడెను. ఆ కిరీటముద్రకు విలువ పోయినను వెండికి పోలేదు. కొన్ని బిళ్లలపై పూర్వపు పాత్రల బంగారు పూత జాడలు నేటికిని కనిపించును. ఏ యింటి భోజనపు బల్లపై మెరసిన పాత్రలో!

ఇంగ్లీషు స్టెర్లింగు వెండిలో 1000 పాళ్లకు 925 పాళ్లు శుద్ధమైన వెండి. పాత వస్తువులపై సాధారణముగా సింహముద్ర ఆ స్వచ్ఛతను, ఒక అక్షరము సంవత్సరమును తెలుపును. న్యూఆర్కువారికి వేరు దారి లేదు. వినోదమునకై కత్తెర పట్టువారు మాత్రము ముందుగా ఆ ముద్రలను చదువుట మేలు. కరగిన వెండి మరల దొరకును. చెరగిన చరిత్ర దొరకదు.