లొల్లి (పదం)

లొల్లి అనేది తెలంగాణ మాండలికంలో విరివిగా వాడబడే నామవాచకము. శబ్దము, అల్లరి అన్నవి దీనికి ఒక అర్థం కాగా, మాటల తగవు, వివాదము అన్నవి మరొక అర్థం. చేయి చేసుకోవడం లొల్లిలో తప్పనిసరి కాదు. దెబ్బల దాకా వెళ్ళినదానిని సాధారణంగా కొట్లాట అంటారు.

వాడుక

"పిల్లలు లొల్లి పెడుతున్నరు" అంటే పిల్లలు గోల చేస్తున్నారని మాత్రమే అర్థం. "వాళ్ళిద్దరికి లొల్లి అయింది" అంటే మాటా మాటా పెరిగిందని. పైసల లొల్లి, భూమి లొల్లి, నీళ్ళ లొల్లి వంటి సమాసాలలో ఇది తేలని వివాదాన్ని సూచిస్తుంది. "ఏం లొల్లి లేదు" అంటే చిక్కేమీ లేదని భావం. కోస్తాలో గొడవ అన్న మాటకు కూడా ఇంచుమించు ఇదే విస్తృతి ఉన్నది. అయితే గొడవ తెలంగాణకు పరాయి మాట కాదు. కాళోజీ నారాయణరావు తన కవితలకు పెట్టుకున్న పేరు "నా గొడవ".

తూర్పు హైదరాబాదులో

చంపాపేట్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో వివిధ జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవారు, హాస్టళ్ళలో ఉండి చదువుకునే విద్యార్థులు పక్కపక్కనే నివసిస్తారు. అపార్థాలకు ఇక్కడ అవకాశం ఎక్కువ. ఇంటి యజమాని "రాత్రిపూట లొల్లి చేయకుండ్రి" అన్నప్పుడు కోస్తా నుండి వచ్చిన కుర్రవాడు తనను తగాదాకోరుగా భావించారని నొచ్చుకోవచ్చు. యజమాని కోరినది నిశ్శబ్దం మాత్రమే. ఇదే వీధులలో దక్కనీ ఉర్దూ ప్రభావంతో లడాయి, పంగా, లఫ్డా కూడా వినబడతాయి. పంగా తీసుకోవడమంటే కావాలని కయ్యానికి కాలు దువ్వడం. ఆంగ్లం నుండి వచ్చిన ఫైటింగ్ మాత్రం ఎక్కువగా సినిమాలకు, పిల్లల ఆటలకు పరిమితమైనది.

దగ్గరి పదాలు

తగాదా అన్న మాట బాకీ వసూలుకు ఒత్తిడి చేయడమనే అర్థంలో ఉర్దూ ద్వారా వచ్చి, తెలుగులో తగవుగా స్థిరపడింది. తీర్పు చెప్పే సభకు పేరైన పంచాయితీ తెలంగాణ వాడుకలో తగవుకే పేరైనది. కొట్లాడు అన్న క్రియకు పోరాడు అన్న గౌరవార్థం కూడా ఉన్నది. "రాష్ట్రం కోసం కొట్లాడినం" అన్నప్పుడు అందులో వీధి తగవు ఛాయ ఏమీ లేదు.

ఆదరణ

తెలుగు సినిమాలలో చాలాకాలం తెలంగాణ యాసను ప్రతినాయకులకు, హాస్యపాత్రలకు కేటాయించడం వలన ఇటువంటి మాటలు మోటువన్న అభిప్రాయం వ్యాపించింది. అది పదం దోషం కాదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. నేడు "టికెట్ల లొల్లి" వంటి శీర్షికలు వార్తలలో మామూలే.