గేటు అవతల నాయిన

గురుకులంలో ఆదివారమంటే తలస్నానాలు, బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేసుకునే వరుస. పటాన్‌చెరు మండలం ముత్తంగిలోని మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ సంక్షేమ గురుకుల పాఠశాలలో 2021 నవంబర్ 28 ఆదివారం నాటి వరుస మాత్రం వేరు. 261 మంది పిల్లలు, 27 మంది సిబ్బంది ముక్కులోంచి నమూనా ఇవ్వడానికి నిలబడ్డారు. అందులో 42 మంది విద్యార్థినులకు, ఒక టీచర్‌కు కరోనా ఉన్నట్టు తేలింది. మర్నాటికి ముత్తంగి పేరు దేశమంతటా వార్తల్లోకెక్కింది. అంతకు రెండు రోజుల ముందే, నవంబర్ 26న, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రకం వైరస్‌కు ఒమిక్రాన్ అని పేరు పెట్టింది. బడిలో ఎవరు తుమ్మినా ఊరంతా ఉలిక్కిపడే రోజులవి.

ఈ గాథలో తేదీలు, అంకెలు యథార్థం. పదో తరగతి అమ్మాయి, ఆమె ఇంటివాళ్లు మాత్రం కరోనా రెండేళ్లలో పటాన్‌చెరు ఫ్యాక్టరీల పట్టీలో పెరిగిన పిల్లల బతుకుల్లోంచి అల్లుకున్న పాత్రలు. అందుకే ఆమెకు పేరు పెట్టలేదు.

వరుసలో ఆమె వెనక అయిదో తరగతి పిల్ల. నిన్నటి నుంచి ఒళ్లు కాలుతోంది, ఎవరికీ చెప్పలేదు.

"అక్కా, నొప్పి పెడ్తదా?"

"తుమ్ము రాబోయి ఆగిపోతే ఎట్లుంటది? గట్లనే. కండ్లల్ల నీళ్లొస్తయి, అంతే."

సాయంత్రానికి పేర్లు చదివారు. చిన్నదాని పేరు వచ్చింది. నాలుగు పేర్ల తర్వాత ఆమెది. పాజిటివ్ వచ్చినవాళ్లను హాస్టల్‌లోనే విడిగా ఉంచారు. ట్రంకు పెట్టె ఎత్తుకుని అటు నడుస్తుంటే, నిన్నటిదాకా ఒకే పళ్లెంలో తిన్న స్నేహితురాళ్లు గోడకు ఒదిగి దారిచ్చారు. వాళ్లది తప్పనలేం. రెండేళ్లుగా పిల్లలకు మనం నేర్పింది అదే.

ఆమె 2017లో ఆరో తరగతిలో గురుకులంలో చేరింది. ఆ ఏడాది రాష్ట్రంలో కొత్తగా 119 బీసీ గురుకులాలు తెరిచారు. ఎనిమిదో తరగతి చివర, 2020 మార్చిలో, బళ్లు మూతపడ్డాయి. ఇస్నాపూర్‌లో వాళ్లది ఒక్క గది. అమ్మా నాన్నా, తమ్ముడు, నాయనమ్మ, ఆమె. తండ్రి పాశమైలారం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. లాక్‌డౌన్‌లో పని ఆగింది, జీతం ఆగింది, కిరాయి మాత్రం ఆగలేదు. పక్క గదుల్లోని బిహార్, ఒడిశా కూలీలు మూటలు కట్టుకుని హైవే ఎక్కడం ఆమె చూసింది. ఇదే రోడ్డు మీద ఇంకాస్త ముందున్న కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న వలస కూలీలు మమ్మల్ని ఇళ్లకు పంపండని రోడ్డెక్కితేనే, 2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది. 72 మంది పట్టే పెట్టెలో 54 మంది చొప్పున, సుమారు 1,200 మంది వెళ్లారు.

తొమ్మిదో తరగతి చదువు చాలావరకు టీశాట్ ఆన్‌లైన్ పాఠాలే. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్. నాన్న డ్యూటీకి పోతే ఫోనూ పోయేది. 2021 ఫిబ్రవరి 1న బడి తెరిచారు, మార్చి 24న మళ్లీ మూశారు. ఆ సెప్టెంబర్‌లో మిగతా బళ్లు తెరిచినా, గురుకులాలకు హైకోర్టు అనుమతి దొరికింది అక్టోబర్‌లోనే. అంటే నమూనాల వరుసలో నిలబడేనాటికి ఈ పిల్లలు హాస్టల్‌కు తిరిగొచ్చి గట్టిగా నెల దాటిందో లేదో. పదో తరగతి పాఠాలు అప్పుడప్పుడే ఒక దారిన పడుతున్నాయి.

సోమవారం పొద్దున నైట్ షిఫ్టు నుంచి తండ్రి నేరుగా గేటు దగ్గరికి వచ్చాడు. అప్పటికే అక్కడ చాలామంది తల్లిదండ్రులు. ఆమె మాస్కు మీద మాస్కు పెట్టుకుని వరండా మెట్టు మీద నిలబడింది. మధ్యలో ఆవరణంత దూరం. గొంతెత్తి మాట్లాడాలి.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగనే ఉన్న నాయినా. జరంత గొంతు గీరుతున్నది."

"ఇంటికి పోదాం పా. సార్లతోని నేను మాట్లాడ్త."

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఇంటికి పోవాలని ఆమెకెంత ఉందో చెప్పక్కర్లేదు.

"ఇంట్ల యాడ పండుకుంట నాయినా? నాయనమ్మ పక్కకేనా?"

తండ్రి గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయాడు.

"నువ్వు రెండో సూది ఏసుకున్నవా?" ఆమే మళ్లీ అడిగింది.

"ఇంకా లేదు. డ్యూటీ పడ్తున్నది."

"అది ఏసుకో ముందు. నాయనమ్మకు సుత ఏపియ్యి."

ఆ ఓర్పును మెచ్చుకోవడం నాకు చేతకావడం లేదు. అయిదుగురికి ఒక్క గది కాబట్టి, పెద్దలు తీసుకోవాల్సిన నిర్ణయం పదిహేనేళ్ల పిల్ల నెత్తిన పడింది. పిల్లలు గట్టివాళ్లని మనం మురిసిపోయే ప్రతిచోటా ఇలాంటి గది ఒకటి ఉంటుంది.

ఐసోలేషన్‌లో పగలు ఎలాగో గడిచేది. మాత్రలు, వేడినీళ్లు, వేలికి పల్స్ ఆక్సీమీటర్. అంకె 97 వస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవారు, 95 వస్తే వేలు రుద్దుకుని మళ్లీ పెట్టుకునేవారు. రాత్రిళ్లే కష్టం. పటాన్‌చెరు ప్రాంతంలో గాలి తిరిగితే అర్ధరాత్రి ఫ్యాక్టరీల ఘాటు వాసన కమ్ముకొస్తుంది. ఇక్కడి పిల్లలు దుప్పటి ముక్కు మీదికి లాక్కుని పడుకోవడం ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. రెండో రాత్రి అందరూ దుప్పట్లు లాక్కుంటుంటే ఆమెకు ఏ వాసనా తగల్లేదు. పెట్టెలోంచి కొబ్బరినూనె సీసా తీసి మూత విప్పింది. ఏమీ లేదు. సబ్బు చూసింది. ఏమీ లేదు. అప్పుడు భయమేసింది, ఒళ్లంతా చల్లబడేంత భయం.

పక్క మంచం మీది చిన్నది అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. "అక్కా, మనం చచ్చిపోతమా?"

"సైన్సు బుక్కు తియ్యి," అంది ఆమె. "నీకు శ్వాస పాఠం చెప్త. ఊపిరితిత్తులు ఎట్ల పనిచేస్తయో తెలిస్తే భయం పోతది." ఆ మాట చిన్నదాని కోసం అన్నదో, తన కోసం అనుకున్నదో. పదో తరగతి జీవశాస్త్రంలో శ్వాసక్రియ రెండో పాఠం. వాయుగోణుల బొమ్మ గీసి చూపించింది. మూడో రాత్రికి ఇంకో ఇద్దరు చిన్నపిల్లలు ఆ మంచం దగ్గర చేరారు.

ఈ బడికి ఎవరి పేరు పెట్టారో తలుచుకుంటే నా మనసు పుణే వైపు పోతుంది. జ్యోతిబా ఫూలే భార్య సావిత్రిబాయి, ఆడపిల్లలకు బడి పెట్టిన తల్లి, 1897 ప్లేగులో రోగులను కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశిబిరానికి చేర్చేది. పాండురంగ గైక్వాడ్ అనే పిల్లవాణ్ని ముంఢ్వా నుంచి వీపు మీద మోసుకొచ్చిందని చెబుతారు. ఆ ప్లేగే అంటుకుని అదే ఏడాది మార్చి 10న కన్నుమూసింది. అప్పటికామెకు 66 ఏళ్లు. సావిత్రిబాయి ఎవరి చదువు కోసం పోరాడిందో ఆ కులాల ఆడపిల్లలే ఈ హాస్టల్ మంచాల మీద ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటున్నారు.

పదో తరగతి అమ్మాయి కోలుకుని తరగతికి తిరిగి వచ్చేసరికి లెక్కల్లో రెండు పాఠాలు దాటిపోయాయి. గోడకు ఒదిగి దారిచ్చిన స్నేహితురాలే తన నోట్సు తెచ్చి బెంచీ మీద పెట్టింది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

2022 జనవరి 3న, అది సావిత్రిబాయి జయంతి రోజు, దేశంలో 15 ఏళ్లు నిండిన పిల్లలకు టీకాలు మొదలయ్యాయి. కరోనా వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగాలి కాబట్టి ఆ అమ్మాయికి ఆ రోజు టీకా దొరకలేదు. సంక్రాంతి సెలవులను జనవరి 30 దాకా పొడిగించారు. మళ్లీ ఒక్క గది, ఒక్క ఫోన్. ఫిబ్రవరి 1న బడి తెరిస్తే మొదటి రోజే వచ్చేసింది. కొబ్బరినూనె వాసన అప్పటికి కొంచెం కొంచెంగా తెలుస్తోంది.

అంతకు ముందు రెండేళ్లు పదో తరగతి పిల్లలను పరీక్షలు పూర్తికాకుండానే పాస్ చేశారు. ఈ ఏడాదీ అంతే అవుతుందని ఊళ్లో అందరూ అన్నారు. కాలేదు. పదకొండు పేపర్లను ఆరుకు కుదించి, 2022 మే 23న పరీక్షలు మొదలుపెట్టారు. మొదటి రోజు తెలుగు. ఆ సాయంత్రం టీచర్ ఫోన్ తీసుకుని ఇంటికి చేసింది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"మంచిగ రాసిన నాయినా. నాయనమ్మ ఎట్లున్నది?"

"మంచిగున్నది. నిన్నే యాది చేస్తున్నది. ఇగో, ఇస్త మాట్లాడు."

"ఇప్పుడొద్దు నాయినా, రేపు హిందీ ఉన్నది. శనివారం సోషల్ అయిపోతది, అప్పుడు మాట్లాడ్త."