గడీల చరిత్ర – 9: కెమెరాకు టికెట్ ఉంది, వెట్టికి బోర్డు ఏది?



వెట్టి గురించి రాసిన పోయిన భాగం చదివి హుజూర్‌నగర్, కోదాడ దిక్కు డిగ్రీ చదివే పిల్లలు కొందరు ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, గడీల మీద చిన్న డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నం. కెమెరా పట్టుకపోతే ఆపుతరా? పర్మిషన్ ఎవరిని అడగాలె?"

మంచి ప్రశ్న. దీనికి చట్టం చెప్పే జవాబు ఒకటుంది, చరిత్ర చెప్పే జవాబు ఒకటుంది. ముందు చట్టం సంగతి చూద్దాం. అది తెలియకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు.

పాత ఇండ్లు, కోటలు, దేవిడీలు మూడు రకాల చేతుల్లో ఉన్నాయి.

ఒకటి, కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాలు. వీటికి 1958 చట్టం, 1959 నియమాలు ఉన్నాయి. ఆ కట్టడాల ఆవరణలో మామూలు సందర్శకులు ఫొటో తీసుకోవచ్చని 2018 జూలైలో ఆ శాఖ ప్రకటించింది. తాజ్‌మహల్ లోపలి సమాధి మందిరం, అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్ మాత్రం మినహాయింపు. అయితే సినిమా షూటింగ్ వేరే లెక్క. దానికి లైసెన్సు కావాలి, రుసుము కట్టాలి. స్టాండు వేసి, లైట్లు పెట్టి తీయాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి.

రెండు, ప్రభుత్వం నడిపే మ్యూజియంలు. మనకు పెద్ద ఉదాహరణ సాలార్‌జంగ్ మ్యూజియం. ఇది పుట్టింది ఒక ఇంట్లోనే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో చనిపోయాక, ఆయన వస్తువులతో ఆయన సొంత ఇల్లు దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబర్ 16న నెహ్రూ దీన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది.

మూడు, ట్రస్టులు, వారసుల చేతుల్లో ఉన్నవి. నిజాం వారసుల ట్రస్టు నడిపే చౌమహల్లా ప్యాలెస్ ఈ రకం. మన ఊళ్లల్లో కూలిపోతున్న గడీలు చాలావరకు ఇదే రకం. ఇక్కడ యజమాని మాటే రూలు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. "ఫొటో తీస్తే కాపీరైట్ కేసు" అని ఎవరన్నా బెదిరిస్తే భయపడకండి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఒక భవనాన్ని ఫొటో తీయడం, ఆ ఫొటో ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. మ్యూజియం లోపల పెట్టే రూలు కాపీరైట్ నుంచి వచ్చింది కాదు. "మా గడప తొక్కాలంటే ఈ షరతులు ఒప్పుకోవాలి" అనే హక్కు నుంచి వచ్చింది. కాబట్టి లోపల ఉన్నంతసేపు ఆ షరతు పాటించాలి. బయట రోడ్డు మీద నిలబడి గడి గోడను తీస్తే ఆ షరతు మీకు వర్తించదు.

ఫ్లాష్ సంగతి కూడా తెలుసుకోండి. బట్ట, కాగితం, నీటి రంగుల బొమ్మలు వెలుతురుకు వెలిసిపోతాయి. ఒకసారి వెలిసిన రంగు మళ్ళీ రాదు. అందుకే అలాంటి వస్తువులున్న గదుల్లో దీపాలు మసకగా పెడతారు, ఫ్లాష్ వద్దంటారు. ఇది న్యాయమైన రూలే, పాటించండి. వస్తువును కాపాడే రూలుతో మనకు పేచీ లేదు.

మన పేచీ ఎక్కడంటే, ఈ రూళ్లన్నీ వస్తువును కాపాడతాయి, ఇంటి యజమాని పరువును కాపాడతాయి. ఆ వస్తువును మోసిన మనిషి గురించి ఒక్క రూలూ మాట్లాడదు. ఇక్కడి నుంచి చరిత్ర.

కెమెరా హైదరాబాద్ రాజ్యంలోకి దర్బారు గుమ్మంలోంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్. నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చాడు. ప్యాలెస్‌లు, దర్బారు హాళ్లు, షాండ్లియర్లు, వేట, విందులు ఎన్నో తీశాడు. ఈనాడు మనం "పాత హైదరాబాద్" అనుకునే బొమ్మ చాలావరకు ఆయన కెమెరాలోంచి వచ్చిందే.

ఆ దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఒక ప్రత్యేక స్టూడియో తెరిచాడు. దాని పేరు జనానా స్టూడియో. పరదాలో ఉండే పెద్దింటి ఆడవాళ్లను పరాయి మగవాడు చూడకూడదు కదా. అందుకే ఆ స్టూడియో బాధ్యత ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించాడు. బాగా గమనించండి. నూటముప్పై ఏండ్ల కిందే ఈ నేల మీద ఫొటోకు రూలు ఉంది. ఎవరు చూడాలి, ఎవరు తీయాలి, ఆ బొమ్మ ఎవరి చేతికి పోవాలి అని ఆలోచించారు. దాని కోసం గోడలు కట్టారు, జీతం ఇచ్చి మనిషిని పెట్టారు.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం ఎనిమిది సంపుటాల్లో భారతదేశపు జాతుల, కులాల ఫొటోలు అచ్చు వేసింది. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచిన పని అది. మన పక్కన, పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ గుట్టల్లో, 1940లో ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ చెంచుల మధ్య ఉండి ఫొటోలు తీశాడు. 1943లో చెంచుల మీద పుస్తకం వచ్చింది. ఆ తర్వాత నిజాం రాజ్యంలో ఆదివాసుల భూముల కోసం ఆయన పనిచేసిన మాట నిజమే, అది కాదనలేం. కానీ ఆ ఫొటోలు ఈరోజు ఉన్నది లండన్‌లో. మన్ననూరు చెంచు పిల్ల తన ముత్తవ్వ మొహం చూడాలంటే లండన్ సంస్థ వెబ్‌సైటులోకి పోవాలి.

బేగం బొమ్మకు పరదా. చెంచు తల్లి బొమ్మకు పరదా లేదు. ఒకరి బొమ్మ కుటుంబం ఆస్తి, ఇంకొకరి బొమ్మ శాస్త్రం ఆస్తి. ఫొటో రూళ్ల చరిత్ర అంతా ఈ తేడాలోనే ఉంది.

ఇది మన దేశం ఒక్కదాని కథ కాదు. 1850లో అమెరికాలో సౌత్ కరోలినాలో రెంటీ అనే బానిసను, ఆయన బిడ్డ డెలియాను బట్టలు విప్పించి ఫొటో తీశారు. తీయించింది హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ అగాసీ. నల్లవాళ్లు తక్కువ జాతి అని రుజువు చేయడానికి. ఆ ఫొటోలు 1976లో హార్వర్డ్ మ్యూజియం అటకమీద దొరికాయి. వాటిని వాడుకోవాలంటే హార్వర్డ్ అనుమతి కావాలన్నారు. కారీ మే వీమ్స్ అనే నల్లజాతి కళాకారిణి వాటిని తన పనిలో వాడుకుంటే, కేసు వేస్తామని తనను బెదిరించారని ఆమె చెప్పింది. 2019లో తమారా లేనియర్ అనే మహిళ "రెంటీ మా పూర్వీకుడు, ఆ ఫొటోలు మావి" అని కోర్టుకెక్కింది. ఫొటోల మీద ఆస్తి హక్కు ఆమెకు లేదని 2022లో మసాచుసెట్స్ పై కోర్టు చెప్పింది. కానీ హార్వర్డ్ ఆమెతో ప్రవర్తించిన తీరు వల్ల కలిగిన మనోవేదన మీద కేసు నడపొచ్చు అన్నది. చివరికి 2025లో రాజీ కుదిరింది. ఫొటోలు సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి ఇవ్వడానికి హార్వర్డ్ ఒప్పుకుంది. ఆరేండ్ల కొట్లాట. ఒక్క మనిషి మొదలుపెట్టిన కొట్లాట.

ఇక మన దగ్గరికి వద్దాం. కోదాడ దాటితే నడిగూడెం. మునగాల పరగణా జమీందారు నాయని వెంకట రంగారావు కోట అక్కడే ఉంది. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ కృష్ణా జిల్లా కింద బ్రిటిష్ ఏలుబడిలో ఈ పరగణా. ఈ జమీందారు దగ్గర దివానుగా పనిచేసినవాడే కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టడంలో, 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టడంలో వీళ్ల చేయి ఉంది. తెలుగు చదువుకు జరిగిన మేలు అది. దాన్ని తక్కువ చేయనక్కర లేదు.

అయితే అదే మునగాల పరగణాలో 1930లలో రైతులు, కూలీలు ఆ జమీందారీ మీదనే లేచారు. వెట్టి వద్దన్నారు, అక్రమ వసూళ్లు వద్దన్నారు. లైబ్రరీలకు చందా ఇచ్చిన ఖజానా ఎక్కడ నిండిందో ఆ పోరాటమే చెప్తుంది.

రేపు ఆ కోటనో, ఇంకో గడినో మ్యూజియం చేస్తే లోపల ఏ ఫొటో పెడతారు? లక్ష్మణరావు ఫొటో పెడతారు, పెట్టాలి కూడా. పక్కన వెట్టికి ఎదురు తిరిగిన రైతుకూలీ మాట కూడా పెడతారా? గేటు దగ్గర "ఫొటోలకు ఇంత, వీడియోకు ఇంత, పెండ్లి షూటింగ్‌కు ఇంత" అని బోర్డు మాత్రం కచ్చితంగా వస్తుంది.

ఆ ఇండ్లలో ఏం జరిగిందో పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో వివరంగా రాశాడు. మాల, మాదిగ ఇండ్ల నుంచి ఇంటికొక మనిషి వెట్టికి పోవాలి. ఊరూరికి కబురు మోయాలి, కట్టెలు కొట్టాలి, చెప్పులు కుట్టాలి, మోటకు తోలు పని చేయాలి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, పల్లకి మోయడానికి బోయీలు కావాలి. దొర బిడ్డ అత్తగారింటికి పోతే వెంట ఆడబాపలను పంపేవాళ్లు. హుజూర్‌నగర్ తాలూకా మల్లారెడ్డిగూడెం పేరు ఆ పోరాట చరిత్రలో ఊరికే ఎక్కలేదు. "హుజూర్" అంటే ప్రభువుల సన్నిధి. ఆ సన్నిధిలో చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల మనవలం మనం.

అమెరికాలో ఇదే మాట మీద మార్పు వచ్చింది. లూసియానాలో 2014లో తెరిచిన విట్నీ ప్లాంటేషన్ మ్యూజియంలో యజమాని బంగళా కంటే బానిసల బతుకే ముందు చెప్తారు. 2019లో పౌరహక్కుల కార్యకర్తలు అడిగాక, ప్లాంటేషన్ బంగళాల్లో పెండ్లిళ్ల ప్రచారాన్ని పింటరెస్ట్ లాంటి కంపెనీలు కట్టడి చేశాయి. మన దగ్గర గడి మెట్ల మీద ప్రీ వెడ్డింగ్ షూట్ ఇంకా ముచ్చటే.

అందుకే విద్యార్థి మిత్రులారా, మనం అడగాల్సినవి ఇవి.

1. ప్రభుత్వ డబ్బుతో బాగుచేసే ప్రతి గడి, కోట, దేవిడీలో అక్కడ వెట్టి చేసిన కులాల గురించి శాశ్వత బోర్డు ఉండాలి. కెమెరా రుసుము బోర్డు ఎంత పెద్దగా ఉందో ఇదీ అంతే పెద్దగా.

2. చరిత్ర, జర్నలిజం చదివే విద్యార్థులకు, ఆ ఊరి వాడల జనానికి ఫొటో రుసుము ఉండొద్దు. మన తాతలు మోసిన రాళ్లను చూడటానికి మనం టికెట్ కొనడం ఏంది?

3. సినిమా, పెండ్లి షూటింగ్‌ల మీద వచ్చే డబ్బు లెక్క బయట పెట్టాలి. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫొటో రూళ్ల కాపీ, రుసుము పట్టిక, గత మూడేండ్ల షూటింగ్ అనుమతులు అని రాసి పది రూపాయల ఫీజుతో పెట్టండి.

4. పాత ఫొటోలో యజమాని పేరు రాసి, వెనుక విసనకర్ర పట్టుకున్న మనిషిని "సేవకుడు" అని వదిలేయొద్దు. పేరు దొరకకపోతే ఆయన చేసిన పని, ఆ పనికి కూలి లేదన్న సంగతి రాయాలి.

ఇక ఐదోది మ్యూజియానికి కాదు, కెమెరా పట్టిన మనకు.

వాడల్లో పెద్దమనుషులను వెట్టి గురించి అడిగేటప్పుడు ముందు కెమెరా కింద పెట్టండి. ఎందుకు తీస్తున్నామో, ఎక్కడ పెడతామో చెప్పండి. ఆడబాపల కుటుంబాల పేర్లు, మొహాలు వాళ్లు ఒప్పుకోకుండా యూట్యూబ్‌లో పెట్టొద్దు. ఆ ముచ్చట వల్ల ఈనాటికీ పెండ్లి సంబంధాలు చెడిపోయే ఇండ్లుండొచ్చు. అవ్వ ఏడుస్తుంటే దగ్గరికి జూమ్ చేయకండి. "ఇది తీసెయ్ బిడ్డా" అంటే ఆమె ముందే తీసేయండి. దొరసానికి పరదా కట్టిన నేల మన తల్లులకు కట్టలేదు. వాళ్లు కావాలంటే ఆ పరదా మనం కట్టాలి. వద్దంటే, వాళ్ల పేరుతోనే, వాళ్ల గొంతుతోనే లోకానికి చూపాలి. ఏది కావాలో తేల్చేది ఆమె.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు ఫోన్లు పట్టుకుని జనం గుమిగూడతారు. రాతి బొమ్మ ముసుగు చూసి అబ్బురపడతారు. అబ్బురపడండి, తప్పులేదు. ఆ తర్వాత ఇంటికొచ్చి మీ ఊరి గడి గోడ తీయండి. ఆ గోడ కట్టినోళ్ల ఇంటిపేర్లు వాడలో అడిగి రాసుకోండి. ఆ జాబితా ఏ మ్యూజియంలోనూ లేదు. పెద్దవాళ్లు పోయేలోపు రాయకపోతే ఇంకెక్కడా ఉండదు.

వచ్చే భాగంలో 1949 జాగీర్ల రద్దు తర్వాత గడీల భూములు ఎవరి పేరు మీదికి పోయాయో చూద్దాం. మీ ఊరి గడి వివరాలుంటే ఊరు పేరుతో కింద రాయండి.

జై భీమ్.