కోలారు గనిలో ఫిజిక్స్ డ్యూటీ

పోయిన ఎపిసోడ్ విని ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఈ ఫిజిక్స్ సైంటిస్టులు పొద్దున లేస్తే ఏం పని చేస్తారు? బోర్డు మీద లెక్కలేనా?" అని. రికార్డింగ్‌లో టైం సరిపోలేదు, ఇక్కడ రాస్తున్నా.

లెక్కలతోనే బతికేవాళ్లూ ఉన్నారు. కానీ నాకు నచ్చిన కథ మన కుప్పం పక్కనే, కోలారు బంగారు గనుల్లో జరిగింది. అక్కడ సైంటిస్టులు పనికి పోవాలంటే హెల్మెట్ పెట్టుకుని, గని కార్మికులతో పాటు లిఫ్టులో భూమి లోపలికి దిగాల్సిందే.

ఎందుకంటే ఆకాశం నుంచి కంటికి కనపడని కణాలు ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయి. ఇంటి కప్పు వాటిని ఆపదు. వాటిని రాయి ఎంతవరకు ఆపుతుందో కొలవడానికి బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి బి.వి. శ్రీకంఠన్ 1951లో కోలారు వచ్చారు. పంపింది హోమీ భాభా.

1960ల మొదట్లో మియాకే అనే జపాన్ ఆయన, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి కలిసి ఒక్కో లెవెల్ దిగుతూ కొలిచారు. అన్నిటికంటే కింద, దాదాపు 2,760 మీటర్ల లోతున, వారాల తరబడి కాచినా యంత్రంలో ఒక్క కణమూ పడలేదు. మన సైట్లో అయితే సూపర్‌వైజర్ ఊరుకుంటాడా? వీళ్లకు మాత్రం ఆ సున్నానే పెద్ద కబురు. మిగతా గోల అంతా రాయి ఆపేసిందంటే, భూమినే దాటిపోయే న్యూట్రినో జాడ ఇక్కడ దొరకొచ్చన్నమాట.

తర్వాత 2,300 మీటర్ల లోతున యంత్రాలు పెట్టారు. జపాన్, ఇంగ్లండ్ వాళ్లూ చేయి కలిపారు. యంత్రాల్ని గోడల్లా నిలబెట్టారు. అంత లోతుకి మామూలు కణాలు పైనుంచే వస్తాయి, పక్క నుంచి వస్తే అది న్యూట్రినో పనే. కణం దూరితే నియాన్ గొట్టాలు వెలుగుతాయి, కెమెరా ఫోటో తీస్తుంది. ఇక రోజువారీ పని అంటారా, వేడిలో, ఉక్కపోతలో కరెంటు సరిగ్గా ఉందా, గొట్టాలు పనిచేస్తున్నాయా అని చూడటం, కాచుకోవడం. నెలల తరబడి కాస్తే దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

అదే ఏడాది సౌత్ ఆఫ్రికాలో, బోక్స్‌బర్గ్ దగ్గర ఇంకా లోతైన బంగారు గనిలో అమెరికావాళ్లూ ఇదే వేటలో ఉన్నారు. కోలారు పేపర్ 1965 ఆగస్టు 15న అచ్చయింది, వాళ్లది ఆగస్టు 30న. కణాన్ని ముందు చూసింది మాత్రం వాళ్లే, ఫిబ్రవరిలో. ఎవరు ఫస్ట్ అన్న వాదన నాకంత ముఖ్యం అనిపించదు.

నాకు పట్టేది ఇంకొకటి. ఆ సొరంగాలు తవ్వింది గని కార్మికులు. ఎక్కువమంది తమిళులు, మన తెలుగువాళ్లూ ఉన్నారు. రాళ్లు ఉన్నట్టుండి పేలే గని అది, ఎందరో అందులోనే పోయారు. 1980లో ప్రోటాన్ పరీక్షకు 140 టన్నుల యంత్రం పెట్టినప్పుడు ఆ ఇనుమంతా ఆ దారినే దిగాలి కదా. పేపర్ మీద సైంటిస్టుల పేర్లున్నాయి. తవ్వినోళ్ల పేర్లు నాకెక్కడా కనపడలేదు.

గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. పంపులు ఆగాక లోపల నీళ్లు నిండాయి. మీ ఇంట్లో తాతో, పెదనాన్నో కోలారులో పనిచేసి ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, పేరూ ఏ షాఫ్టో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా.