ఆస్బెస్టాస్ తీర్పులో ‘40 ఏళ్లు’ ఎందుకు?

పాలిటీ నోట్సులో 21వ అధికరణం కింద మనమంతా ఒక వరుస రాసుకునే ఉంటాం: 1995, కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసు, కార్మికుడి ఆరోగ్య హక్కు. నేనూ అంతే రాసుకున్నాను. సుపేలాలో మా అద్దె గదికి పైన సిమెంటు రేకులే. వాటి కింద కూర్చుని తీర్పు చదువుతుంటే ఒక అంకె దగ్గర ఆగిపోయాను. కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంచాలట. అంత కాలం దేనికి?

జవాబు ఊపిరితిత్తుల్లో ఉంది. ఆస్బెస్టాస్ అంటే రాతినార. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్వింది తెల్ల రకం, క్రైసోటైల్. కంటికి కనిపించని దాని పోగులు గాలితో పాటు చిట్టచివరి గాలి గదుల దాకా వెళతాయి. వాటిని మింగాల్సిన రక్షక కణాల కంటే కొన్ని పోగులే పొడవు. మింగలేక ఆ కణాలు చచ్చిపోతాయి, వాపు వస్తుంది, మచ్చ పడుతుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగితే ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. అదే ఆస్బెస్టోసిస్. కొన్ని పోగులు చుట్టూ ఉన్న ప్లూరా పొరను చేరతాయి: అక్కడ పొర మందమవుతుంది, నీరు చేరుతుంది, కొందరికి మీసోథీలియోమా అనే క్యాన్సర్ వస్తుంది. అది బయటపడేది తరచు 30, 40 ఏళ్లకు. పొగతాగితే ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తి క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీసోథీలియోమాకు మాత్రం పొగాకుతో సంబంధం లేదు. (ప్రిలిమ్స్‌లో తికమక పెట్టే చోటు ఇదే.)

ఇదంతా 1995లో కొత్తగా తెలిసింది కాదు. బ్రిటన్‌లో మెరివెదర్, ప్రైస్ నివేదిక 1930లోనే వచ్చింది, మరుసటి ఏడాది నిబంధనలూ వచ్చాయి. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ బృందం గనుల పక్కన ఊరికే నివసించిన వాళ్లలోనూ మీసోథీలియోమాను చూపింది. మన దేశం 1986లో కొత్త గనుల లీజులు ఆపింది, 1993లో పాతవాటి రెన్యువల్ ఆపింది. రేకుల తయారీ మాత్రం దిగుమతి నారతో సాగింది. తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినవారు. జబ్బు నిర్ధారణ అయితే లక్ష రూపాయల పరిహారం అన్నారు.

నిర్ధారణకు కావలసింది పాత రికార్డు. మా తాతయ్య కాంట్రాక్టర్ల వెంట ఊరూరా తిరిగి ఆవిరి పైపులకు తెల్ల తాడు చుట్టిన మనిషి. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. ఏ ఏడాది, ఎక్కడ, ఎన్నాళ్లు చేశారని డాక్టరు అడిగారు. తాతయ్య జేబులోంచి పాత గేట్ పాస్ తీశారు. దాని మీద కాంట్రాక్టరు పేరు చెరిగిపోయి ఉంది.